ఎనిమిది ఆవర్తనాల డ్రమ్ములు

ఫిబ్రవరి 18 దగ్గరపడితే క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ గుర్తొస్తారు. 2017లో ఆ రోజునే, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ అనే ఊళ్లో, 73 ఏళ్ల వయసులో పోయారాయన. డ్రమ్ములు వాయించేవాళ్లకు తప్ప ఆ పేరు పెద్దగా తెలియదు. వాయించింది మాత్రం ఎందరి చెవుల్లోనో పడింది. మన ఇళ్లకు కేబుల్ కనెక్షన్లు వచ్చిన కొత్తలో ఎంటీవీ పెడితే జార్జ్ మైకేల్ ‘ఫ్రీడమ్! 90’ వచ్చేది. ఆ పాట అడుగున గలగలమంటూ నడిచే డ్రమ్ముల్లో ఒక పొర ఆయన చేతిదే. అది ఆ పాట కోసం వాయించింది కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1969 నవంబర్ 20న, ఒహాయో రాష్ట్రం సిన్సినాటీలో ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం రికార్డు చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’లోది.

ఆ పాటలో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మిగులుతాయి. ఎనిమిది ఆవర్తనాలు, దాదాపు 19 సెకన్లు. ప్రపంచం ఎత్తుకుపోయింది ఆ 19 సెకన్లనే. అందులో డ్రమ్మర్ తన విద్యను ప్రదర్శించడు. అప్పటిదాకా ఏం వాయిస్తున్నాడో అదే వాయిస్తాడు. నా లెక్కలో ఆ ముక్క గొప్పతనమంతా అందులోనే ఉంది.

*

సిన్సినాటీలో కింగ్ రికార్డ్స్ కట్టడం బ్రూస్టర్ అవెన్యూలో ఉండేది. ఒకప్పుడది ఐసు ఫ్యాక్టరీ. సిడ్ నేథన్ అనే వ్యాపారి 1943లో పెట్టిన కంపెనీ అది. పాట రికార్డు చేయడం, అచ్చుకు మూలమైన మాస్టర్ కోయడం, రికార్డు అచ్చొత్తడం, అట్ట ముద్రించడం, పెట్టెలకెత్తి లారీల్లో పంపడం, అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. ఒక చివర బృందం వాయిస్తుంటే ఇంకో చివర ప్రెస్సులు వేడి వినైల్ ముద్దను నొక్కుతుండేవి. ఒక పాట పుట్టడానికీ కొట్టుకు చేరడానికీ మధ్య దూరం అంత తక్కువగా ఉన్న చోట్లు అమెరికాలోనే అరుదు.

జేమ్స్ బ్రౌన్ బృందం అప్పటికి ఒక పద్ధతిలో పడింది. 1967లో అదే స్టూడియోలో చేసిన ‘కోల్డ్ స్వెట్’తో ఆ పద్ధతి స్థిరపడింది. అందరూ మొదటి దెబ్బ మీద కలవాలి, మిగిలిన చోట ఎవరి దారి వాళ్లది. అయితే ఒకరి దారి ఇంకొకరికి అడ్డం రాకూడదు. గిటార్ వాయించే జిమ్మీ నోలెన్ తీగలను పూర్తిగా నొక్కేవాడు కాదు, వేళ్లు ఆనించీ ఆనించనట్టు ఉంచి కుడిచేత్తో గీకేవాడు. స్వరం కంటే ఆ గీకుడే ఎక్కువ వినిపించేది. అంటే గిటారూ తాళవాద్యమే. ఊదుడు వాద్యాలూ అంతే, రాగం పాడవు, పొడుస్తాయి. ఇలాంటి సంగీతంలో డ్రమ్మర్ తప్పితే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు. బ్రౌన్ వేదిక మీద పాడుతూనే తప్పు వినిపిస్తే వేళ్లు చూపించి జరిమానా వేసేవాడు. బృందంలో అందరికీ తెలిసిన కఠినత్వమది.

ఆ బృందంలోకి 1965లో వచ్చాడు స్టబుల్‌ఫీల్డ్. టెనెసీ రాష్ట్రం చాటనూగాలో పుట్టినవాడు. గురువు దగ్గర నేర్చుకోలేదు, స్వరాలు రాయడం చదవడం రాదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల యంత్రాల మోత, పట్టాల మీద రైలు చప్పుడు వింటూ ఆ లయకు తగ్గట్టు నడిచేవాడినని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. అదే ఏడాది చేరిన ఇంకో డ్రమ్మర్ జాన్ స్టార్క్స్, అందరూ జాబో అనేవాళ్లు, గాయకుడు బాబీ బ్లాండ్ బృందం నుంచి వచ్చాడు. స్టార్క్స్ వాయింపు శుభ్రంగా, సూటిగా ఉంటుంది. స్టబుల్‌ఫీల్డ్ వాయింపులో సందుల్లో కూడా ఏదో ఒక చప్పుడు ఉంటుంది. ఇద్దరి సెట్లూ వేదిక మీద పక్కపక్కనే ఉండేవి. ఎప్పుడు ఎవరు వాయించాలో బ్రౌన్ చూపుతోనే తేలిపోయేది.

*

1970 మార్చిలో ‘ఫంకీ డ్రమ్మర్’ ఏడంగుళాల 45 మీద, అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు మీద వచ్చింది. పూర్తి రికార్డింగ్ తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఒక్కో పక్క మూడు నిమిషాల చొప్పునే పట్టేది కాబట్టి ఒకటో భాగం, రెండో భాగం అని కోశారు. ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పట్టికలో 20వ స్థానం, పాప్ పట్టికలో 51. బ్రౌన్ స్థాయికి అది మామూలు ఫలితమే. ఏ ఆల్బమ్‌లోనూ చేర్చలేదు. 1986లో ‘ఇన్ ద జంగిల్ గ్రూవ్’ సంకలనం వచ్చేదాకా ఆ పాట కావాలంటే పాత 45లు అమ్మే కొట్లలో, అట్టపెట్టెల ముందు గొంతుక్కూర్చుని, వేళ్లకు నల్ల మసి అంటేదాకా వెతకాల్సిందే. పాత వినైల్, తేమ పట్టిన అట్ట, సిగరెట్ పొగ కలిసిన వాసన ఆ కొట్లది. దొరికిన కాపీని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసేవాళ్లు. ఎక్కువగా వాడిన చోట గాడి మెరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. రెండో భాగంలో ఒక సన్నటి పట్టీ మాత్రమే అలా తిరిగి ఉంటే ఇంతకుముందటి యజమాని ఆ డ్రమ్ముల ముక్కనే పదేపదే తిప్పేవాడని తెలిసిపోయేది.

పూర్తి రికార్డింగ్‌లో ఆ చోటు సుమారు 5 నిమిషాల 34వ సెకను దగ్గర వస్తుంది. అంతకుముందే బ్రౌన్ బృందానికి చెబుతాడు: నేను నాలుగు లెక్కపెట్టగానే అందరూ తప్పుకోండి, డ్రమ్మర్‌కు వదిలేయండి. తర్వాత డ్రమ్మర్ వైపు తిరిగి, సోలో ఏమీ అక్కర్లేదు తమ్ముడూ, ఇప్పుడున్నదాన్నే పట్టుకుని ఉండు, వదలకు అనే అర్థం వచ్చేలా అంటాడు. ఏ డ్రమ్మర్‌కైనా ఒంటరిగా వదిలితే చెయ్యి దురద పెడుతుంది. టామ్‌ల మీద ఒక చుట్టు చుట్టి, సింబల్ మీద ఒకటి కొట్టాలనిపిస్తుంది. స్టబుల్‌ఫీల్డ్ ఆ పని చేయలేదు. ఒకవేళ సోలో చేసి ఉంటే ఆ ఎనిమిది ఆవర్తనాలను మళ్లీ మళ్లీ తిప్పడం కుదిరేదే కాదు, ఎందుకంటే సోలోకు మొదలూ చివరా ఉంటాయి. ఈ నడకకు లేవు.

*

ఈ నడక ఎలా కట్టారో మనవాళ్లకు చెప్పడం తేలిక, జతుల లెక్క అలవాటున్నవాళ్లం కాబట్టి. ఒక ఆవర్తనానికి నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు నాలుగు అక్షరాలు, మొత్తం 16. తకధిమి నాలుగుసార్లు. కాలం నిమిషానికి సుమారు 101 దెబ్బలు.

కుడిచెయ్యి హైహ్యాట్ (ఎడమకాలితో మూసి తెరిచే జంట తాళాలు) మీద 16 అక్షరాలూ కొడుతుంది. మూసిన హైహ్యాట్, ఒక్క చేత్తో. సెకనుకు ఆరేడు దెబ్బలన్నమాట. అందులో 8వ అక్షరం, 14వ అక్షరం దగ్గర ఎడమకాలి పట్టు సడలి హైహ్యాట్ కాస్త తెరుచుకుంటుంది, ‘త్స్’ అంటుంది, వెంటనే తర్వాతి అక్షరానికి మూసుకుంటుంది. కుడికాలి కిక్ (పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్ము) నాలుగు చోట్ల: 1, 3, 11, 14. ఎడమచేతి స్నేర్ (ఎదురుగా ఉండే చిన్న డ్రమ్ము) గట్టి దెబ్బలు రెండే, 5వ అక్షరం మీదా 13వ అక్షరం మీదా. అంటే రెండో తకధిమిలోనూ నాలుగో తకధిమిలోనూ మొదటి అక్షరం. ఇంతవరకే అయితే ఇది వేల పాటల్లో ఉన్న నడకే.

అసలు రుచి మిగతా నాలుగు స్నేర్ దెబ్బల్లో ఉంది. 8, 10, 12, 16 అక్షరాల మీద, చర్మాన్ని స్టిక్ తాకిందా లేదా అన్నంత మెల్లగా. వీటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. రేడియోలో పెట్టి దూరం నుంచి వింటే ఒక్కటీ విడిగా వినిపించదు. అవి తీసేసి వాయిస్తే మాత్రం పాట కుప్పకూలుతుంది. మొదటి సగంలో కిక్ రెండుసార్లు పడి నేల ఏర్పడుతుంది, 8 నుంచి అంతా కదలిక మొదలవుతుంది, 14 దగ్గర కిక్కూ తెరిచిన హైహ్యాటూ కలిసి పడి మనల్ని తర్వాతి ‘సం’ (మొదటి అక్షరం) మీదకు తోస్తాయి.

నేర్చుకునేవాళ్లు పడే చోట్లు ఎప్పుడూ ఒకటే. మొదటిది, ఘోస్ట్ దెబ్బలు పెద్దవైపోవడం. గట్టి దెబ్బకు స్టిక్ చర్మం నుంచి ఎనిమిది, పది అంగుళాలు లేస్తే ఘోస్ట్‌కు అంగుళం దాటకూడదు. బలం తగ్గించి కొట్టాలని చూస్తే రాదు, ఎత్తు తగ్గించాలి. రెండోది 12, 13. ఒకే ఎడమచెయ్యి, పక్కపక్కనే, ముందు అతి మెల్లగా, వెంటనే అతి గట్టిగా. 12 కొట్టి తిరిగొచ్చేటప్పుడే మణికట్టు పైకి లేచి ఉండాలి, లేకపోతే 13 ఆలస్యంగా పడుతుంది లేదా పిప్పిగా పడుతుంది. మూడోది 5 తర్వాత. గట్టిగా కొట్టిన స్టిక్ ఎగిరి వస్తే దాన్ని కిందే ఆపాలి, పైకి పోనిస్తే 8 పెద్దదైపోతుంది. నాలుగోది కుడి మణికట్టు బిగుసుకోవడం. రెండు నిమిషాలయ్యేసరికి ముంజేయి రాయిలా అయితే కాలం ఎక్కువ పెట్టుకున్నారని అర్థం. 60 దగ్గర మొదలుపెట్టి, ఘోస్ట్‌లు చెదరకుండా ఐదు నిమిషాలు నిలిచాకే నాలుగైదు దెబ్బలు పెంచాలి. 101 దగ్గరకు రావడానికి నెలలు పట్టినా నష్టం లేదు.

కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ చేసేవాళ్లకూ ఇదే జాగ్రత్త. 16 అక్షరాలూ గీత గీసినట్టు సమానంగా పెడితే యంత్రంలా ఉంటుంది. సరి సంఖ్య అక్షరాలు వెంట్రుకవాసి వెనక్కి జరగాలి. వెలాసిటీ (దెబ్బ బలాన్ని చెప్పే అంకె) గట్టి దెబ్బలకు 115 చుట్టూ, ఘోస్ట్‌లకు 25 నుంచి 40 మధ్య, అన్ని ఘోస్ట్‌లకూ ఒకే అంకె పెట్టకుండా. హైహ్యాట్‌లోనూ దెబ్బ మొదటి అక్షరం కాస్త పైకి, మిగతావి కిందికి.

*

ఈ నడక సిన్సినాటీ నుంచి న్యూయార్క్ బ్రాంక్స్‌కు చేరిన దారి టర్న్‌టేబుళ్ల మీదుగా. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబర్ భవనంలో డీజే కూల్ హర్క్ పెట్టిన పార్టీ చరిత్రకెక్కింది. పాటలో జనం ఎగిరేది డ్రమ్ములు మాత్రమే మిగిలే చోటేనని ఆయన కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు, రెండు టర్న్‌టేబుళ్లు. ఒకదాని మీద ఆ చోటు, అంటే బ్రేక్, అయిపోతుంటే రెండోదాని మీద అదే బ్రేక్ మొదలు. అప్పుడు ఎక్కువగా తిరిగినవాటిలో బ్రౌన్ రికార్డులు ఉండేవి, అందులో స్టబుల్‌ఫీల్డ్ వాయింపు ఉండేది.

ఆ పని చేతులకు ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పాలి. పళ్లెం మీద రబ్బరు మ్యాట్ తీసేసి పల్చటి ఫెల్ట్ వేసేవాళ్లు, పళ్లెం తిరుగుతున్నా రికార్డును వేలితో ఆపగలగడానికి. లేబుల్ మీద రంగు పెన్సిల్‌తో ఒక గీత. 33 వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు, ఈ పాట ఒక ఆవర్తనానికి దాదాపు 2.4 సెకన్లు. అంటే ఒక ఆవర్తనం వెనక్కి వెళ్లాలంటే గీత ఒక చుట్టూ, ఇంకో చుట్టులో మూడోవంతూ వెనక్కి రావాలి. 45 మీద అయితే దాదాపు ఒకటీ ముప్పావు చుట్టు. కళ్లు గీత మీద, ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవి గదిలోకి. సూది ఎగిరిపోకుండా దాన్ని పట్టి ఉంచే తల మీద ఐదు సెంట్ల నాణెం అతికించేవాళ్లూ ఉండేవాళ్లు. సూది నిలిచేది, కానీ 5 గ్రాముల అదనపు బరువు గాడిని తినేసేది. ముందు పోయేవి హైహ్యాట్ మెరుపూ ఘోస్ట్ దెబ్బలూ, ఎందుకంటే సన్నటి శబ్దాలు గాడిలో సన్నటి వంకరలుగానే ఉంటాయి. కిక్ మాత్రం చివరిదాకా మిగిలేది.

*

ఆ తర్వాత సాంప్లర్లు వచ్చాయి, అంటే రికార్డు నుంచి ముక్క తీసి దాచుకుని మళ్లీ వాయించే యంత్రాలు. 1987లో ఈ-మ్యూ కంపెనీ తెచ్చిన ఎస్పీ-1200 ఆ కాలపు పనిముట్టు. 12 బిట్లు, సెకనుకు 26 వేల పైచిలుకు శాంపిళ్లు. మొత్తం జ్ఞాపకశక్తి 10 సెకన్లు, ఒక్క ముక్క 2.5 సెకన్లు దాటకూడదు. ‘ఫంకీ డ్రమ్మర్’ ఒక ఆవర్తనం 2.38 సెకన్లు. సరిగ్గా పట్టేది, పక్కన వెంట్రుక దూరేంత చోటుతో. అంత చోటు కూడా ఖర్చు పెట్టడం ఇష్టంలేనివాళ్లు 33 రికార్డును 45 వేగంలో వాయించి 1.76 సెకన్లలో రికార్డు చేసి, తర్వాత యంత్రంలో కిందికి దించి మామూలు వేగానికి తెచ్చేవాళ్లు. చోటు మిగిలేది, దానితోపాటు ఒక గరుకుదనం వచ్చేది. మొదట పొదుపు కోసం చేసిన పని, తర్వాత ఆ గరుకు కోసమే చేశారు.

పని వరుస ఇది. బ్రేక్‌లో బ్రౌన్ గొంతు పడని ఆవర్తనం ఎంచుకోవాలి, ఎందుకంటే మధ్యలో ఆయన మాటలు పడుతుంటాయి. లోపలికి వచ్చే శబ్దం గట్టిగా, అయితే చిట్లకుండా ఉండాలి. మెల్లగా తీసుకుంటే 12 బిట్ల యంత్రం రొద ఘోస్ట్ దెబ్బలను మింగేస్తుంది. తర్వాత కొనలు కత్తిరించాలి. మొదలు సరిగ్గా కిక్ తాకిన చోట ఉండాలి, ముందు రవ్వంత ఖాళీ మిగిలినా ప్రతి చుట్టూ కుంటుతుంది. చివర ఎక్కువ ఉంచితే తర్వాతి కిక్ కూడా లోపలికొచ్చి జంట దెబ్బ వినిపిస్తుంది. తక్కువ ఉంచితే 16వ అక్షరం ఘోస్ట్ తెగిపోతుంది. బయటికి పంపే దారి కూడా చూసుకోవాలి. ఆ యంత్రంలో ఎనిమిది అవుట్‌పుట్లు. 1, 2 ఫిల్టర్‌తో మొద్దుబారతాయి, 7, 8 ఫిల్టర్ లేనివి. హైహ్యాట్ గలగల కావాలంటే 7 లేదా 8. పనంతా అయ్యాక ఫ్లాపీ మీద దాచుకోవాలి. ఫ్లాపీ చదివేటప్పటి ఆ గర్రుగర్రు చప్పుడు, అది పూర్తయ్యేదాకా గదిలో ఎవరూ మాట్లాడకపోవడం, ఆ తరం స్టూడియోలన్నిటికీ ఉమ్మడి జ్ఞాపకం.

ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ ‘రెబెల్ వితౌట్ ఎ పాజ్’లో ఈ డ్రమ్ముల మీద బ్రౌన్ తర్వాతి బృందం వాయించిన ‘ద గ్రంట్’ శాక్సఫోన్ కీచును పదేపదే తిప్పారు. వినేవాడికి కూర్చోబుద్ధి కాదు. 1989లో స్పైక్ లీ సినిమా కోసం చేసిన ‘ఫైట్ ద పవర్’లో ఈ డ్రమ్ములు ఉండటమే కాదు, మాటల్లోనే ఫంకీ డ్రమ్మర్ పేరు వస్తుంది. ఎరిక్ బీ, రాకిమ్ జంట, ఎల్ఎల్ కూల్ జే, ఎన్‌డబ్ల్యూఏ, అందరూ వాడుకున్నారు. 1990లో గాయని షినేడ్ ఓకానర్ పాత ఐరిష్ శోకగీతానికి దీన్నే అడుగున పరిచి, పైన తన గొంతు నిలబెట్టింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది అదే. చావు పాట కింద నాట్యపు నడక, రెండూ ఒకదాన్నొకటి చెరపవు.

*

ఇన్ని పాటల్లో వాయించినవాడికి వచ్చింది దాదాపు ఏమీ లేదు. పాట రచయితగా నమోదైంది జేమ్స్ బ్రౌన్ పేరు. రికార్డింగ్ హక్కు కంపెనీది. డ్రమ్మర్ ఆ పూట కూలికి వాయించిన ఉద్యోగి. డ్రమ్ముల నడకను రచనగా లెక్కగట్టే అలవాటే అప్పుడు లేదు, మాటా రాగమే రచన. 1991లో కోర్టు తీర్పు వచ్చాక ఇలా తీసుకునే ముక్కలకు ముందుగా అనుమతి కొనడం మొదలైనా ఆ డబ్బు వెళ్లింది హక్కుదారులకే. 2009లో వచ్చిన ‘కాపీరైట్ క్రిమినల్స్’ డాక్యుమెంటరీలో స్టబుల్‌ఫీల్డ్ కనిపిస్తారు. డబ్బు కంటే పేరు వేయకపోవడమే మర్యాద కాదన్నది ఆయన మాటల సారం. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక రికార్డు అట్ట వెనక ఒక వరుస అచ్చు వేయడానికి ఎవరికీ ఏ ఖర్చూ కాదు.

బ్రౌన్ బృందం వదిలాక ఆయన మాడిసన్‌లో స్థిరపడ్డారు. అక్కడి క్లబ్బులో ఏళ్ల తరబడి సోమవారం రాత్రి వాయించారు. విస్కాన్సిన్ పబ్లిక్ రేడియో వాళ్ల ‘వాడ్యా నో?’ కార్యక్రమంలో డ్రమ్ములు ఆయనవే. రోగం వచ్చినప్పుడు బీమా లేదు. ఆసుపత్రి బిల్లుల్లో సుమారు 90 వేల డాలర్లు గాయకుడు ప్రిన్స్ కట్టాడని, 2016లో ప్రిన్స్ పోయాకే స్టబుల్‌ఫీల్డ్ బయటపెట్టారు. స్టబుల్‌ఫీల్డ్ పోయాక విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2018 మే 1న స్టార్క్స్ కూడా పోయారు.

కొత్తగా వినేవాళ్లు ‘ఇన్ ద జంగిల్ గ్రూవ్’లోని తొమ్మిది నిమిషాల రూపంతో మొదలుపెట్టండి, బ్రేక్ ఒక్కటే కత్తిరించిన ముక్కతో కాదు. మొదటి ఐదు నిమిషాలు మేసియో పార్కర్ శాక్సఫోన్‌నూ బ్రౌన్ ఆర్గాన్‌నూ వదిలేసి ఎడమచేతి స్నేర్‌నే వెంటాడండి. ఫోన్ స్పీకర్లో ఘోస్ట్‌లు దొరకవు, హెడ్‌ఫోన్ కావాలి. ఆ తర్వాత ‘కోల్డ్ స్వెట్’, ‘ఐ గాట్ ద ఫీలిన్’, ‘మదర్ పాప్‌కార్న్’ వరుసగా పెట్టుకోండి. మూడింటిలోనూ అదే ఎడమచెయ్యి, మూడు వేరు వేరు నడకలు. చివరగా స్టార్క్స్ వాయించిన ‘ద పేబ్యాక్’ వినండి, సందులు ఖాళీగా వదిలేసినా నడక ఎలా నిలబడుతుందో అక్కడ తెలుస్తుంది.